గ్రంథపరిష్కర్త్రి బెంగుళూరు నాగరత్నమ్మ

కావేరీతీరమున తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధిమందిరమునకు ఎదురుగా మరియొక చిన్న సమాధి కలదు. అందలి స్త్రీమూర్తిని త్యాగరాజస్వామి వైపే చూచుచున్నట్లు నిలిపియున్నారు. ప్రతి సంవత్సరము పుష్య బహుళ పంచమినాడు ఆరాధనకు వచ్చు గాయకులలో ఆ మూర్తి యెవరిదో ఎరుగనివారు అరుదు. పాడుపడిన సమాధిని చూచి పరితపించి, తన సొమ్ము వెచ్చించి గుడి కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మగారి మూర్తి అది. సంగీతచరిత్రలో ఆమె కీర్తి స్థిరపడియున్నది. అయితే గుడిపనికి పూనుకొనుటకు పదియేండ్లు ముందుగా ఆమె తెలుగు సాహిత్యమున మరియొక ఉద్ధరణకార్యము నెరవేర్చిరి. మరుగుపడిన ఒక కవయిత్రి కావ్యమును వెదకి, ప్రతులను సరిచూచి, లోపించిన భాగములను చేర్చి, పీఠిక వ్రాసి ప్రకటించిరి. గుడికి దక్కిన మన్నన ఆ గ్రంథమునకు దక్కలేదు. గుడికి కుంభాభిషేకము జరిగినది. గ్రంథమును పోలీసులు పట్టుకొనిపోయిరి.

ఈ రెండు కార్యములను ప్రక్కప్రక్కన నుంచి ఆమె జీవితమును పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. మన కళాచరిత్రలలోను సాహిత్యచరిత్రలలోను స్త్రీల పేర్లు కొలదిగా కనబడుటకు వారు కృషి చేయకపోవుట కారణమని పలువురు తలంతురు. నాగరత్నమ్మగారి జీవితము ఆ తలంపును సరిదిద్దును. కృషి జరిగినది, దానికి సాక్ష్యము చెప్పు పుటలు తొలగింపబడినవి. ఆ పుటలను తిరిగి చేర్చిన వ్యక్తియు స్త్రీయే యగుటచే ఆమె పేరును మనము పరిష్కర్తల పట్టికలో చేర్చుట మరచితిమి.

నాగరత్నమ్మగారు 1878 నవంబరు 3వ తేదీన మైసూరు సంస్థానమందలి నంజనగూడులో జన్మించిరి. తల్లి పుట్టలక్ష్మి దేవదాసీ కులమునకు చెందినది. తండ్రి సుబ్బారావు వకీలు. ఆయన తల్లీబిడ్డలను విడిచిపెట్టగా పుట్టలక్ష్మి మైసూరు చేరి, ఆస్థానపండితుడైన గిరిభట్ట తిమ్మయ్యగారి ఆశ్రయము పొందెను. ఆయనయొద్ద ఆ బాలిక సంస్కృతమును, సంగీతపు తొలిపాఠములను అభ్యసించెను. కొంతకాలమునకు ఆ ఆశ్రయమును తప్పిపోయినది. తల్లి కొమార్తెను వెంటబెట్టుకొని ఆ నగరమును విడిచెను. బిడ్డ విద్యలో ఆరితేరిన పిదపగాని మైసూరున అడుగు పెట్టనని ఆమె పంతము పట్టెనని చెప్పుదురు. తుదకు వాయులీన విద్వాంసుడైన వెంకటస్వామప్ప, బాలికకు మేనమామ, వారికి నీడ యిచ్చెను.

బెంగుళూరులో ఆమె చదువు నానావిధములుగా సాగినది. కన్నడము ఇంటిభాష. తెలుగు, ఆంగ్లము నేర్చిరి. సంస్కృతమును విడువలేదు. నృత్యము అభ్యసించిరి. సంగీతమున మునుస్వామప్పగారు గురువులు. వారు త్యాగరాజస్వామి శిష్యులలో మేటియైన వాలాజాపేట వేంకటరమణ భాగవతుల పరంపరకు చెందినవారు. కావున త్యాగరాజకృతులు ఆమెకు గురుపరంపరగా వచ్చిన సొత్తు. పదునైదేండ్ల ప్రాయమున తొలిసారి సభలో పాడి, ఆడి, విద్వాంసుల మెప్పు పొందిరి. మైసూరు ప్రభువు చామరాజేంద్ర ఒడయరు ఎదుటను ఆమె విద్యాప్రదర్శనము జరిగినది. తల్లి పట్టిన పంతము నెగ్గినది.

ఈ విద్యాభ్యాసమును గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. నాటి గౌరవకుటుంబములలో ఆడపిల్లకు చదువు చెప్పించుట అరుదు. దేవదాసీ కుటుంబములలో చదువు వృత్తిలో భాగము. క్షేత్రయ్య పదమునకు అభినయము పట్టవలెనన్న నాయిక స్వీయయో పరకీయయో, ఖండితయో కలహాంతరితయో తెలియవలెను. ఒక్క మాటకు నాలుగైదు విధములుగా అర్థము చూపవలెను. మాట తప్పినచో ముద్ర తప్పును, ముద్ర తప్పినచో రసము చెడును. పాఠము శుద్ధముగా నుండవలెనను పట్టుదల ఇట్టి శిక్షణలో పుట్టినవారికి సహజము. విశ్వవిద్యాలయములలో మనము గ్రంథపరిష్కరణమని పిలుచుచున్న విద్యకు కావలసిన మెలకువ ఆమెకు ఈ దారిని అబ్బినదని నా అభిప్రాయము.

ఇరువదవ శతాబ్ది తొలిసంవత్సరములలో నాగరత్నమ్మగారు మద్రాసునకు తరలిరి. అప్పటికి ఆ పట్టణము దక్షిణాది సంగీతమునకు రాజధానియై యుండెను. రాజాస్థానముల ప్రాభవము తగ్గి, సభలు, వర్తకుల యిండ్ల ఉత్సవములు, గ్రామఫోను కంపెనీలు కళాకారులకు కొత్త పోషణస్థానములైనవి. వీణ ధనమ్మాళ్ వంటి మహావిదుషి స్నేహము నాగరత్నమ్మగారికి ఆ పట్టణమున లభించినది. కచేరీలు చేసిరి, హరికథలు చెప్పిరి, ఆమె గానము గ్రామఫోను పలకల కెక్కినది. మద్రాసులో ఆదాయపు పన్ను చెల్లించిన తొలి కళాకారిణిగా ఆమె పేరు చెప్పుకొందురు. ఈ ధనము ఏమైనదో మున్ముందు తెలియును.

మద్రాసున నున్న కాలముననే ఆమెకు ముద్దుపళని పేరు తటస్థపడినది. తంజావూరును గూర్చిన యొక చరిత్రగ్రంథము చదువుచుండగా రాధికాసాంత్వనమను ప్రబంధమునకు అందు చేసిన ప్రశంస ఆమె కంటబడినది. అంత గొప్ప కావ్యము తాను చదువలేదే యను వెలితి కలిగి, దానికై వెదకిరి.

ముద్దుపళని పదునెనిమిదవ శతాబ్దివారు. తంజావూరును 1739 నుండి 1763 వరకు ఏలిన మహారాష్ట్ర ప్రభువు ప్రతాపసింహుని ఆస్థానమున మెలగిన విదుషి. ప్రభువుల ఇంటిభాష మరాఠీ, ప్రజలభాష తమిళము, ఆస్థానసాహిత్యమునకు తెలుగు. ఇట్టి బహుభాషారాజ్యమున నాయకరాజుల కాలమునుండియు విదుషులకు సభలలో ఆసనము కలదు. రఘునాథనాయకుని చరితమును సంస్కృతకావ్యముగా రచించిన రామభద్రాంబయు, విజయరాఘవుని కొలువున మన్నారుదాసవిలాసమును రచించిన రంగాజమ్మయు ఆ తంజావూరివారే. ముద్దుపళని ఆ సంప్రదాయమునకు వారసురాలు. ఆండాళ్ తిరుప్పావును తెలిగించిన ఘనతయు ఆమెకు కలదు.

రాధికాసాంత్వనము నాలుగాశ్వాసముల శృంగారప్రబంధము. 584 గద్యపద్యములు కలది. రాధ తాను పెంచిన ఇళాదేవిని కృష్ణునకు ఇచ్చి పెండ్లిచేయును. పిదప ఆ దంపతుల అన్యోన్యము చూచి ఓర్వలేక, తనను మరచిన కృష్ణునిపై అలుగును. కృష్ణుడు వచ్చి బ్రతిమాలి ఆమె అలుక తీర్చును. సవతిమాత్సర్యము ప్రబంధములలో కొత్త వస్తువు గాదు. పెంచిన చేతులతోనే అప్పగించి, ఆ అప్పగింతకు తానే కుమిలిపోవు వయసు మళ్లుచున్న స్త్రీ మనస్సును ప్రబంధనాయికయందు చూపుట కొత్త. అలిగిన స్త్రీ కోపమునకును కోరికకును సమానమైన గౌరవమిచ్చి రచించుట మరింత కొత్త.

నాగరత్నమ్మగారికి మొదట చేతికి వచ్చినది అచ్చుప్రతి. బ్రౌను దొరగారి పండితవర్గముతో సంబంధముగల పైడిపాటి వేంకటనరసుగారు ఈ కావ్యమును 1887లో అచ్చొత్తించియుండిరి. ఆ ప్రతి దొరకుటయే దుర్లభమైనది. పిదప ఆమెకు ఒక వ్రాతప్రతి లభించినది. రెండింటిని ఎదురెదురుగా పెట్టి చదివినప్పుడు అచ్చుప్రతిలోని లోటు బయటపడినది. కావ్యపు అవతారిక అందు లేదు. పద్యములు కొన్ని లోపించినవి. కథ మాత్రము మిగిలినది. కవయిత్రి తన్ను గూర్చి చెప్పుకొన్న భాగము పోయినది.

ఈ లోపము స్వల్పమైనదిగా తోపవచ్చును. మన ప్రబంధములలో అవతారికకు గల స్థానము తెలిసినవారికి దాని తీవ్రత బోధపడును. ఇష్టదేవతాస్తుతి, గురుస్తుతి, కవివంశవర్ణనము, కృతిపతి ప్రశంస, ఇవన్నియు అవతారికలోనే యుండును. కవి కాలమును, దేశమును, కులమును, గురువును నిర్ణయించుటకు మనము తొలుత తెరచు పుటలు అవియే. ఆస్థానకవియైన పురుషుని విషయమున అవతారిక పోయినను ఇతరాధారములు దొరకవచ్చును. దానశాసనములలో అతని పేరుండును, సమకాలికులు పేర్కొందురు, వంశీయులు తాళపత్రములు దాచుకొందురు. కవయిత్రికి ఇట్టి సాక్ష్యములు చాల తక్కువ. తనను గూర్చి తాను చెప్పుకొన్న నాలుగు పద్యములే పెక్కుసారులు ఆమెకు ఏకైక శాసనము. వానిని తొలగించినచో ఆమెకు ఊరు లేదు, ఉనికి లేదు.

ముద్దుపళని అవతారికలో ఏమున్నదో చూచినచో ఈ మాట ఇంకను స్పష్టమగును. ఆమె తన యింటి స్త్రీలను స్మరించినది. తాతమ్మల పరంపరను, అందు తంజనాయకియను తన పెద్దను, కవివంశవర్ణనకు తగిన గౌరవముతో కీర్తించినది. మన కావ్యములలో తండ్రితాతల వరుస చెప్పుట పరిపాటి. స్త్రీల వరుసగా విద్య దిగివచ్చిన వంశమును ఒక కవయిత్రి నమోదు చేయుట అపూర్వము. అంతేకాక, తాను విద్వాంసులను ధనకనకములతో సత్కరించితినని, తనకు ఇతరులు కావ్యములను అంకితము చేసిరని ఆమె సగర్వముగా చెప్పుకొన్నది. అనగా ఆమె కవయిత్రియే కాదు, పోషకురాలును కృతిభర్త్రియును. ఒక స్త్రీ సాహిత్యపోషణము చేసినదను చారిత్రకసాక్ష్యము ఆ అవతారికతోపాటు అచ్చుప్రతినుండి జారిపోయినది.

నాగరత్నమ్మగారు ఆ భాగమును తిరిగి చేర్చిరి. లోపించిన పద్యములను పూరించిరి. మద్రాసులో వావిళ్ల రామస్వామిశాస్త్రులు అండ్ సన్స్ వారు 1910లో ఆ ప్రతిని ప్రకటించిరి. ముద్దుపళని స్త్రీ యగుటయే కాక తన కులమునకే చెందినది యగుటచేత ఈ పని తన కర్తవ్యమని భావించినట్లు ఆమె పీఠికలో తెలిపిరి. వ్రాతప్రతి సంపాదించుట, అచ్చుప్రతితో సరిపోల్చుట, లోపములను గుర్తించుట, కావ్యముపై వచ్చిన విమర్శను పరిశీలించుట, ఇన్నింటిని ఆ పీఠిక నెరవేర్చినది. నేడు మన పరిశోధకవిద్యార్థులనుండి మనము కోరునది ఇంతకు మించి లేదు.

ఆ విమర్శ సామాన్యులది కాదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ ఆంధ్రకవుల చరిత్రములో ముద్దుపళనిని గూర్చి వ్రాయుచు, ఆమె సంస్కృతాంధ్రములయందు పాండిత్యము కలదని, కవిత్వము మృదుమధురమైనదని అంగీకరించిరి. అంగీకరించుచునే, గ్రంథమునందు స్త్రీ వినరాని, స్త్రీనోట రాదగని భాగములు పెక్కు కలవని నిందించి, అందుకు ఆమె వేశ్యాకులమును కారణముగా చూపిరి. పంతులుగారు స్త్రీవిద్యకు, వితంతువివాహమునకు జీవితము ధారపోసినవారు. వారి చిత్తశుద్ధిని శంకించుటకు ఎవరికిని హక్కు లేదు. ఐనను వారు ఊహించిన సంస్కృతస్త్రీ విద్యావతియై, గృహిణియై యుండవలెను. తన శృంగారమును తానే కావ్యముగా చెప్పుకొను స్త్రీకి ఆ చిత్రములో చోటు లేదు.

నాగరత్నమ్మగారి సమాధానము తర్కబద్ధమైనది. సిగ్గు, మర్యాద అనునవి స్త్రీలకేనా, పురుషులకు వర్తింపవా యని ఆమె ప్రశ్నించిరి. వేశ్య గనుక ఇట్లు వ్రాసినదందురా, గౌరవనీయులైన పురుషకవుల కావ్యములలో అట్టి వర్ణనలు లేవా యని అడిగిరి. పంతులుగారు స్వయముగా పరిశీలించి ప్రకటనకు ఆమోదించిన వైజయంతీవిలాసమునందలి శృంగారమును ఆమె ఎత్తిచూపిరి. ఆ కావ్యము విప్రనారాయణుని కథ. అందు నాయిక దేవదాసి, కవి పురుషుడు. దేవదాసి కావ్యవస్తువైనప్పుడు లేని అభ్యంతరము దేవదాసియే కవియైనప్పుడు ఎందుకు కలుగవలెనన్నది ఆమె వాదములోని సారమని నాకు తోచును. ఒకే కొలతబద్దతో ఇరువురి కావ్యములను కొలువుమనుట తప్ప ఆమె వేరొక రాయితీని కోరలేదు.

ఈ సమాధానమునకు ప్రత్యుత్తరము సాహిత్యవేదికపై రాలేదు, ప్రభుత్వమునుండి వచ్చినది. శశిలేఖయను పత్రిక ఈ గ్రంథమును రచించినదియు వేశ్యయే, పరిష్కరించినదియు వేశ్యయే యని ఆక్షేపించినది. గ్రంథము అశ్లీలమను ఫిర్యాదు ప్రభుత్వమునకు చేరినది. ప్రభుత్వపు అనువాదకుల అభిప్రాయము గ్రంథమునకు ప్రతికూలమైనది. 1911లో పోలీసులు ప్రతులను స్వాధీనపరచుకొనిరి. ప్రకాశకులైన వావిళ్ల వేంకటేశ్వరశాస్త్రులుగారు ఊరకుండలేదు. సంప్రదాయకావ్యములను ఈ కొలతతో నిషేధింపబూనినచో సంస్కృతాంధ్రములలో మహాకావ్యములే మిగులవని పండితులు కొందరు వారితో కలిసి ప్రభుత్వమునకు విన్నవించుకొనిరి. విన్నపము ఫలింపలేదు. ముప్పదియైదేండ్లకు పైగా ఆ గ్రంథము చట్టవిరుద్ధమై యుండెను.

ఈ ముప్పదియైదేండ్లు తెలుగు సాహిత్యచరిత్రరచనకు అత్యంతముఖ్యమైన కాలము. కవుల చరిత్రలు, ప్రబంధవిమర్శలు, దక్షిణాంధ్రవాఙ్మయమును గూర్చిన పరిశోధనలు, కళాశాలలకు పాఠ్యప్రణాళికలు అప్పుడే రూపొందినవి. ఏ కావ్యములు చదువదగినవో, ఏ కవులు పేర్కొనదగినవారో ఆ దశకములలోనే స్థిరపడినది. అప్పుడు ముద్దుపళని కావ్యము అంగడిలో లేదు. చదువుటకు వీలులేని కావ్యమును గూర్చి నిందావాక్యమొక్కటే ప్రచారములో మిగిలినది. తరువాతివారు ఆ వాక్యమునే పునశ్చరణము చేసిరి. స్త్రీల కృషి చరిత్రనుండి ఎట్లు మరుగుపడునో తెలిసికొనుటకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము అక్కరలేదు. మొదట అవతారిక పోయినది, పిదప గ్రంథము పోయినది, తుదకు పరిష్కర్త్రి పేరును పోయినది.

నాగరత్నమ్మగారి జీవితమున మరియొక ఘట్టము 1921లో ఆరంభమైనది. బిడారము కృష్ణప్పగారు తిరువయ్యారు వెళ్లి, త్యాగరాజస్వామి సమాధి పొదలు పెరిగి శిథిలమై యున్న తీరు చూచి, ఆమెకు జాబు వ్రాసిరి. త్యాగరాజస్వామి 1847లో సిద్ధిపొందిరి. ముప్పాతిక శతాబ్ది గడచునప్పటికి వారి కృతులు దక్షిణదేశమంతట మారుమ్రోగుచుండగా వారి సమాధి చూచు దిక్కు లేకపోయినది. గురుపరంపరచే త్యాగరాజభక్తురాలైన నాగరత్నమ్మగారు ఆ వార్తకు చలించిరి. స్థలమును సంపాదించి, ఆ యేడే పునాది వేయించిరి. నగలు అమ్మిరి. దశాబ్దముల కచేరీలవలన ఆర్జించిన ధనము ఆ కావేరిగట్టున రాయియు సున్నమును అయినది. కొన్నేండ్లలో గుడి లేచి, విగ్రహప్రతిష్ఠయు కుంభాభిషేకమును జరిగినవి.

గుడి ఆమెది; గుడిముందు పాడుటకు మాత్రము ఆమెకు హక్కు లేదు. అప్పటి ఆరాధనను పెరియకట్చి, చిన్నకట్చి యను రెండు పక్షములవారు వేరువేరుగా జరుపుచుండిరి. తెలుగువారికి వివరించుటకై, పెద్దపక్షము, చిన్నపక్షము అని వాని అర్థము. రెండు పక్షములకును తమలో తమకు పొత్తు కుదరకున్నను, ఆడువారు పాడరాదను విషయమున భేదాభిప్రాయము లేదు. నాటి సభలలో పాడు స్త్రీలందరును దాదాపుగా దేవదాసీ కుటుంబములవారగుటచే ఆ నిషేధము కులనిషేధమును అయినది. నాగరత్నమ్మగారు మొరపెట్టుకొని కూర్చుండలేదు. 1927 ప్రాంతమున స్త్రీలతో మూడవ పక్షమును ఏర్పరచిరి. దానికి పెణ్‌గళ్‌కట్చి, అనగా స్త్రీలపక్షము, అని పేరు వచ్చినది. ఆ పక్షపు గాయనులు సమాధిమందిరము వెనుక కూర్చుండి తమ ఆరాధన తాము జరుపుకొనిరి. ఆమె హరికథలు చెప్పిరి. తాము కట్టిన గుడిలో పూజ చేసిరి. క్రమముగా మూడు పక్షములు కలసి ఒకే ఆరాధన జరుపుటకు అంగీకారము కుదిరినది. 1941 నాటికి స్త్రీలు పురుషులతోపాటు ఆ వేదికపై పాడసాగిరి. నేడు ఆరాధనవేళ పంచరత్నకృతులను గాయనీగాయకులు కలసి పాడుటలో ఎవరికిని వింత తోపదు. వింత తోపకపోవుటకు మూలము ఆమె పట్టుదల.

అదే 1927లో మద్రాసు శాసనమండలిలో డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు దేవదాసీవ్యవస్థను రూపుమాపవలెనని తీర్మానము ప్రవేశపెట్టిరి. ఆ సందర్భమున మద్రాసు రాజధానిలోని దేవదాసీలు సంఘముగా ఏర్పడి ప్రభుత్వమునకు నివేదన సమర్పించుకొనిరి. నాగరత్నమ్మగారు అందు ముందు నిలిచిరి. ఈ వివాదమున ఒక పక్షమును దుష్టపక్షముగా చిత్రించుట న్యాయము కాదు. ముత్తులక్ష్మీరెడ్డిగారి తల్లియు ఆ కులమున పుట్టినదే. పసిపిల్లలను దేవాలయములకు అర్పించి వారి బ్రతుకును ముందే నిర్ణయించు ఆచారమును చూచి ఆమె వేదనపడిరి. నాగరత్నమ్మగారి పక్షము మరియొక భయమును వెల్లడించినది. వ్యభిచారమును, కళావృత్తిని ఒకే మాటతో పిలిచి నిషేధించినచో, తరతరములుగా స్త్రీలచేత నిలిచిన సంగీతము, నృత్యము, సాహిత్యజ్ఞానము, స్త్రీకిగల ఆస్తిహక్కు అన్నియు కళంకముతో కొట్టుకొనిపోవునని వారి ఆందోళన. 1947లో దేవదాసీ సమర్పణమును నిషేధించు శాసనము వచ్చినది. పసిపిల్లలకు రక్షణ కలిగినది. వారి తల్లులు, అవ్వలు భద్రపరచిన విద్య మాత్రము వేరు చేతులలోనికి పోయి, మొదట కాపాడినవారి పేర్లు మరుగుపడినవి. ఇరువురి మాటలును నిజమైనవి.

ఆ 1947వ సంవత్సరముననే మరియొక నిషేధము తొలగినది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధానమంత్రిగా నుండిన కాలమున వావిళ్లవారి విన్నపము విచారణకు వచ్చి, రాధికాసాంత్వనముపై ఆంక్ష రద్దయినది. వావిళ్లవారు 1952లో ఆ గ్రంథమును మరల అచ్చొత్తించిరి. ఆ సంవత్సరమే మే 19వ తేదీన నాగరత్నమ్మగారు డెబ్బది మూడేండ్ల వయస్సున తనువు చాలించిరి. తుదిదినములు త్యాగరాజసేవలో గడపి, త్యాగసేవాసక్త యను బిరుదమునకు పాత్రురాలైరి. త్యాగరాజస్వామిపై అష్టోత్తరశతనామావళిని కూర్చిరి. తన ఆస్తిని మరణశాసనముద్వారా ఆ సమాధిసేవకే వదలి, అచ్చట పూజకును గానమునకును స్త్రీలకు ఎన్నటికిని అడ్డు కలుగరాదని కోరిరి. ఆమె దేహమును త్యాగరాజస్వామి సన్నిధినే సమాధి చేసిరి.

ఇప్పుడు ఆ రెండు కార్యములను సరిపోల్చి చూతము. త్యాగరాజస్వామి కృతులు నిలిచియుండెను, సమాధి శిథిలమయ్యెను. ఆమె సమాధిని ఉద్ధరించిరి. ముద్దుపళనికి సమాధి లేదు, కృతి శిథిలమయ్యెను. ఆమె కృతిని ఉద్ధరించిరి. రెండింటికిని ఆమె చూపిన శ్రద్ధ ఒక్కటే. ఎవరి మహిమకు గుర్తు చెరిగిపోవుచున్నదో ఆ గుర్తును తిరిగి నిలుపుట ఆమె వ్రతము. లోకము మొదటి దానికి దండము పెట్టి, రెండవ దానికి దండనము విధించినది. మహాపురుషునకు సేవచేసిన స్త్రీని భక్తురాలని కీర్తించుట సులభము. మరియొక స్త్రీ పాండిత్యమును నిరూపించుటకు వాదించిన స్త్రీని పండితురాలని ఒప్పుకొనుట కష్టమైనది.

కాలము కొంత మారినది. 1991లో సూసీ తారు, కె. లలితగార్లు సంపాదకత్వము వహించిన భారతీయ స్త్రీరచనల సంకలనము ముద్దుపళనిని, ఆమెతోపాటు నాగరత్నమ్మగారి పోరాటమును దేశమంతటికిని పరిచయము చేసినది. 2007లో వి. శ్రీరామ్‌గారు నాగరత్నమ్మగారి జీవితచరిత్రను ఆంగ్లమున వెలువరించిరి. 2011లో రాధికాసాంత్వనమునకు ఆంగ్లానువాదము వచ్చినది. ఇవి సంతోషింపదగిన విషయములు. అయినను ఈ కృషి అధికభాగము ఆంగ్లముద్వారా, స్త్రీవాదచర్చలద్వారా, సంగీతచరిత్రద్వారా జరిగినది. తెలుగు పరిష్కరణచరిత్రలో ఆమెకు రావలసిన స్థానము ఇంకను ఖాళీగానే యున్నది. బ్రౌనును, వేటూరి ప్రభాకరశాస్త్రిగారిని, మానవల్లి రామకృష్ణకవిగారిని మనము గ్రంథోద్ధారకులుగా బోధింతుము. అది ఉచితమే. వారివలె సర్కారుకొలువుగాని, పరిషత్తు అండగాని, పండితపట్టముగాని లేక, కచేరీలవలన వచ్చిన సొమ్ముతో బ్రతుకుచు, ఇంటిభాషకాని తెలుగులో, రెండు ప్రతులు ఎదుట పెట్టుకొని పాఠమును సరిచేసిన స్త్రీని ఆ వరుసలో ఎందుకు చెప్పము?

తెలుగునాటికి దూరమున, ఇతరభాషల విద్యార్థులనడుమ తెలుగు బోధించు నాకు ఈ ప్రశ్న తరచుగా ఎదురగును. తమిళ, కన్నడ, మరాఠీ విద్యార్థులకు నాగరత్నమ్మగారి కథ చెప్పినప్పుడు ప్రతివారును అందు తమ పాలు గుర్తింతురు. కన్నడదేశమున పుట్టి, తమిళదేశమున జీవించి, మరాఠీప్రభువు కొలువులోని తెలుగు కవయిత్రిని వెలుగులోనికి తెచ్చిన జీవితమది. ఆయా భాషలలోను ఇట్టి కవయిత్రులు, గాయనులు, చిత్రకారిణులు ఉన్నారు. వారి పుష్పికలు, అవతారికలు, సంతకములు ఏ దశలో, ఎవరిచేత, ఏ కారణమున తొలగింపబడినవో ప్రతిభాషయందును ప్రతులను ఎదురెదురుగా పెట్టి చూడవలసియున్నది. ఆ పని పీఠికలతో మొదలుకావలెను.

మన గ్రంథాలయములలో రాధికాసాంత్వనమునకు గల పట్టికలో కవి పేరు ముద్దుపళని యనియు, ప్రకాశకులు వావిళ్లవారనియు ఉండును. వానికి నడుమ పరిష్కర్త పేరు వ్రాయదగిన చోటొకటి కలదు. అచ్చట బెంగుళూరు నాగరత్నమ్మ యని వ్రాయుటతో మన శాఖలు ఆమె ఋణమును తీర్చుట ఆరంభింపవచ్చును.